సాక్షి ఇంటికి సున్నుండలు

నేను లాయరు పని మానేశానంటే మా అమ్మ ఇప్పటికీ ఒప్పుకోదు. ఎవరైనా అడిగితే "లీవులో ఉంది" అని చెబుతుంది. నలభై నిండకుండా రిటైరైన మనిషి మా రెండు వైపుల వంశాల్లోనూ లేరు. మా తాతయ్య రిటైరైనప్పుడు శాలువా కప్పి, దండేసి, బ్యాండు మేళంతో ఇంటిదాకా దిగబెట్టారట. నాకు మా ఆఫీసువాళ్లు కేకు కోయించి తలుపు కార్డు వెనక్కి తీసుకున్నారు. గొడుగు మర్చిపోయి మళ్లీ వెళ్తే, నాతో రోజూ కాఫీ తాగే రిసెప్షనిస్టు "ఎవరిని కలవాలి?" అని అడిగింది. జోకేనని అనుకుంటున్నాను.

ఎందుకు మానేశావని అడిగేవాళ్లు కాస్త ముందుకు వంగి మరీ అడుగుతారు. ఏ బెదిరింపో, జబ్బో, కనీసం జ్ఞానోదయమో ఉంటుందని వాళ్ల ఆశ. అవేవీ లేవు. ఇన్నేళ్లు ఊళ్లోవాళ్ల గొడవల్లో తలదూర్చి బతికాను, చాలనిపించింది. తెల్ల చొక్కాలు ఇస్త్రీ చేయడం కూడా చాలనిపించింది. నిజం చెప్పాలంటే రెండోదే ముందు అనిపించింది.

సింగపూర్‌లో మేముండే టాంపినీస్‌లో మాకు తెలిసిన ఇళ్లలో ఇద్దరు ముగ్గురు పిల్లలు ఇప్పుడు లా చదువుతున్నారు. వాళ్లమ్మలు నన్ను లిఫ్టు దగ్గర పట్టుకుని "మావాడికి నాలుగు మాటలు చెప్పమ్మా" అంటారు. చెబుదామని కూర్చుంటే ఆ పిల్లలు ఇక్కడి యాసలో "ఓకే లా, అక్కా" అంటూ ఫోను చూసుకుంటారు. అందుకని రాసి పెడుతున్నాను. ఫోన్లోనే చదువుకోవచ్చు. తెలుగు చదవడం రాకపోతే మీ అమ్మ చేత చదివించుకోండి. మధ్యలో తిట్లు ఆవిడే కలుపుతుంది, నాకు శ్రమ తగ్గుతుంది.

కత్తి ఉండదు, కుర్చీ ఉంటుంది

లా చదివేవాళ్లందరి తలలోనూ ఒక హత్య కేసు ఉంటుంది. నా తలలోనూ ఉండేది. అది తలలోనే ఉండిపోయింది. మా చిన్న ఆఫీసుకి వచ్చిన కేసుల్లో కత్తి అరుదు. ప్లాస్టిక్ కుర్చీ మాత్రం తరచుగా ఉండేది. దాన్ని ఎవరో ఒకరు తన్ని ఉండేవారు.

చట్టం దీన్ని బహిరంగ స్థలంలో అల్లరి ప్రవర్తన అంటుంది. హాకర్ సెంటర్లో, అంటే బల్లలేసి ఉన్న తిండి దుకాణాల చావడిలో, కేకలు, బస్సు డ్రైవరుతో వాగ్వాదం, లిఫ్టు దగ్గర పక్కింటాయన మీదికి వెళ్లడం, ఇలాంటివన్నీ. మా నాన్నవైపు చుట్టాలు దీన్నే "మాట్లాడుకోవడం" అంటారు. వాళ్లెవరూ ఇక్కడికి వలస రాకపోవడం మా అదృష్టం.

ఇలాంటి కేసు ఎలా తేలుతుందో ఏ పుస్తకంలోనూ సరిగ్గా చెప్పరు, ఎందుకంటే చాలామటుకు అది కోర్టు హాల్లో తేలదు. పొద్దున్నే మెన్షన్ కోర్టుకి వెళ్తారు. ఆ రోజు కేసులున్న వాళ్లంతా ఒకే గదిలో, క్లినిక్కులో టోకెన్ కోసం కూర్చున్నట్టు కూర్చుంటారు. పేరు పిలుస్తారు, ఆరోపణ చదువుతారు. ఒప్పుకుంటే జరిగిన సంగతి చదివి వినిపిస్తారు, దాన్నీ ఒప్పుకోవాలి, తర్వాత శిక్ష తగ్గించమని రెండు ముక్కలు చెప్పుకోవచ్చు, ఎక్కువగా ఫైనుతో పోతుంది. ఒప్పుకోకపోతే విచారణ. ఈ రెంటికీ మధ్య ఇంకో దారి ఉంది. వాయిదా అడిగి, ప్రాసిక్యూషన్‌కి విన్నపం రాసుకోవడం. ఇతను మంచివాడు, ఇది మొదటిసారి, బాధపడుతున్నాడు, గట్టిగా హెచ్చరించి వదిలేయండి అని. వాళ్లు సరేనంటే ఆరోపణ వెనక్కి తీసుకుంటారు. నేరం రుజువైనట్టు ఎక్కడా మచ్చ ఉండదు.

నా పనంతా ఆ మధ్య దారిలోనే. వాదనా పటిమ అక్కర్లేదు. ఓపికగా రాయడం, అంతకన్నా ఓపికగా ఎదురుచూడటం, ఈలోగా క్లయింటు ఇంకేమీ చేయకుండా చూసుకోవడం. మొదటి రెండూ నేర్చుకోవచ్చు. మూడోది మన చేతుల్లో లేదు.

ఇంకో మాట. కేసు చిన్నదని మీకనిపిస్తుంది, మీరు అలాంటివి రోజూ చూస్తారు కాబట్టి. దాన్ని మోసుకొచ్చినవాడికి అదే మొదటిది. నేరం చిన్నదైనా భయం ఫుల్ సైజులోనే వస్తుంది. వాడి ముందు ఆవులించకండి.

సెల్వం గారి పిప్పరమెంటు

నాకు పని నేర్పినాయన సెల్వం గారు. ఇక్కడే పుట్టి పెరిగిన తమిళాయన, అప్పటికే జుట్టు తెల్లబడింది. నేను చేరిన మొదటి వారం నన్ను మెన్షన్ కోర్టులో వెనక బెంచీ మీద కూర్చోబెట్టి "చూడు" అన్నాడు. ఏం చూడాలి అంటే "ఎవరు నోరు మూసుకుంటున్నారో చూడు" అన్నాడు. నేను జడ్జిని చూశాను, లాయర్లని చూశాను. వారం చివర్లో తెలిసింది, చూడాల్సింది బోనులో నిలబడ్డవాళ్లని.

ఆయన కోటు జేబులో ఎప్పుడూ పిప్పరమెంటు బిళ్లలుండేవి. నేరం ఒప్పుకోబోయే క్లయింటుకి హాలు తలుపు దగ్గర ఒకటి ఇచ్చి "లోపలికెళ్లేలోపు తినెయ్, రుచి గుర్తుంచుకో, నోరు తెరవాలనిపించినప్పుడల్లా దాన్నే తలుచుకో" అనేవాడు. ఇదేం వైద్యమని నవ్వుకున్నాను, బెడోక్ కుర్రాడి కేసు వచ్చేదాకా.

బెడోక్‌లో గది తీసుకుని ఉండే తెలుగు కుర్రాడు, యూనివర్సిటీలో ఏదో పరిశోధన చేస్తున్నాడు. బస్సు ఆపలేదని డ్రైవరు మీద అరిచి, తలుపు మీద చేత్తో బాదాడు. అంతే కేసు. ఒప్పుకుంటే చిన్న ఫైను. ఒప్పుకుంటానన్నాడు. కోర్టులో ఆరోపణ చదివారు. "ఒప్పుకుంటున్నాను యువర్ ఆనర్" అన్నాడు. మేమంతా ఊపిరి పీల్చుకునేలోపు "కానీ" అన్నాడు.

కానీ బస్సు ఆపాల్సిన చోట ఆపలేదట. కానీ డ్రైవరే ముందు చూపు తేడాగా చూశాడట. కానీ తను బాదింది తలుపుని కాదు, తలుపు పక్కనున్న రేకునట.

జడ్జి గారు చాలా మర్యాదగా, ఇలా అయితే మీరు ఒప్పుకున్నట్టు కాదు, విచారణకి వెళ్లండి అన్నారు. కుర్రాడు బయటికొచ్చి "నిజమే కదా చెప్పాను!" అన్నాడు. సెల్వం గారు జేబులోంచి ఇంకో బిళ్ల తీసి, అతనికివ్వకుండా తనే వేసుకున్నాడు.

తర్వాతి వాయిదాకి అదే కుర్రాడు, అదే కోర్టు, అదే "కానీ". మూడోసారి సెల్వం గారు అతణ్ణి మెట్ల దగ్గర కూర్చోబెట్టి, "తంబీ, నీ పరిశోధనంతా ఎవరికైనా చెప్పుకో. కోర్టుకి మాత్రం మొదటి వాక్యం చాలు" అన్నాడు. ఆరోజు ఫైను పడింది. కుర్రాడి ముఖం చూస్తే బహుమతి వచ్చినట్టుంది.

మనవాళ్లలో ఇది నేను మళ్లీ మళ్లీ చూశాను. తప్పు ఒప్పుకోవడానికి మనకి పెద్ద అభ్యంతరం ఉండదు. అవతలివాడి తప్పు చెప్పకుండా మాత్రం ఉండలేం.

టిష్యూ ప్యాకెట్టు

ఇప్పుడు అసలు కేసు చెబుతాను. ఇన్నేళ్ల పనిలో నాకు ఏదైనా తెలిసిందంటే ఈ ఒక్క కేసులోనే తెలిసింది.

మురళి బ్యాంకులో కంప్యూటర్ల పని చేస్తాడు. భార్య స్వాతిదీ ఉద్యోగమే. టాంపినీస్‌లో ఫ్లాటు. స్వాతి వాళ్లమ్మ రత్నమ్మ గారు తణుకు నుంచి కూతురి దగ్గరికి వచ్చారు. వచ్చిన మొదటి ఆదివారమే అల్లుడు మధ్యాహ్నం హాకర్ సెంటర్‌కి తీసుకెళ్లాడు. సింగపూర్ చూపించాలి కదా. చూపించాడు.

మురళి, స్వాతి తిండి కోసం లైన్లో నిలబడ్డారు. రత్నమ్మ గారిని టేబుల్ చూసుకోమన్నారు. ఒక టేబుల్ ఖాళీగా ఉంది, దాని మీద ఒక టిష్యూ ప్యాకెట్టు పెట్టి ఉంది. ఇక్కడ పుట్టిన పిల్లల్ని అడిగితే నిద్రలో చెబుతారు, అది ఎవరో చోప్ చేసిన, అంటే ముందే పట్టి పెట్టుకున్న టేబుల్, ఆ ప్యాకెట్టు మనిషితో సమానం. తణుకులో ఆ పద్ధతి లేదు. రత్నమ్మ గారు "ఎంత శుభ్రమైన దేశమమ్మా, తుడుచుకోవడానికి కాగితాలు కూడా పెట్టారు" అనుకున్నారు. ప్యాకెట్టు విప్పి టేబులంతా తుడిచారు. కుర్చీలు తుడిచారు. మిగతావాళ్లకి కూడా కావాలని రెండు మూడు మిగిల్చి, కూర్చున్నారు.

ఆ ప్యాకెట్టు తాలూకు మనిషి ట్రేతో వచ్చాడు. లిమ్ అంకుల్ అందాం. పెద్దాయన, రిటైరైన టాక్సీ డ్రైవరు, వెనకాల భార్య. తన టేబుల్‌ని తన టిష్యూలతోనే తుడిచి తాపీగా కూర్చున్న ఒకావిడని చూసి ఆయన గొంతు పెంచాడు. రూల్స్ తెలీదా, ఏ దేశం మీది అని వేలు చూపించాడు. రత్నమ్మ గారికి ఒక్క ముక్క అర్థం కాలేదు, నవ్వి ఇంకో కుర్చీ తుడిచారు.

అప్పుడొచ్చాడు మురళి. అత్తగారి ముఖం ముందు పరాయివాడి వేలు చూశాడు. తర్వాత జరిగింది వీడియోలో ఉంది. చుట్టుపక్కల అన్నం తినేవాళ్లంతా అన్నం మానేసి తీశారు. మురళి ట్రేని ఒక్క దెబ్బ కొట్టాడు. చేప ఉండల సూపు లిమ్ అంకుల్ చొక్కా మీద, కళ్లజోడు మీద పడింది. కుర్చీ తన్నాడు, అది పక్క టేబుల్ దాకా వెళ్లింది. ఆ తర్వాత చాలాసేపు అరిచాడు. వెనకాల రత్నమ్మ గారు "ఊరుకో బాబూ, ఊరుకో" అంటూ, మిగిలిన టిష్యూలు ఒలికిన సూపు మీద పరుస్తూ కనిపిస్తారు. ఆ వీడియో మొత్తంలో పనికొచ్చే పని చేసింది ఆవిడొక్కరే.

మురళి చేసింది తప్పు. నేను అతని లాయర్ని కాబట్టి మొదటి రోజే మొహం మీద చెప్పాను.

"తెలుసు మేడమ్," అన్నాడు. "జైలా?"

"కాదు. ఒప్పుకుంటే బహుశా ఫైను."

"అమ్మయ్య. ఇవాళే కట్టేస్తా."

"కడితే నేరం రుజువైనట్టు. మీ బ్యాంకు ఏమంటోంది?"

పక్కన కూర్చున్న స్వాతి చెప్పింది. కేసు తేలేదాకా ఇంటి నుంచి పనిచేయమన్నారట, నేరం రుజువైతే రాజీనామా ఇచ్చేయమన్నారట. డబ్బుని చూసుకునే చోట కోర్టు మచ్చ ఉన్నవాణ్ణి ఉంచరు. ఒక బ్యాంకు ఆ కారణంతో పంపిస్తే ఇంకో బ్యాంకు తీసుకోదు. అతనికి వేరే పని రాదు.

కాబట్టి ఉన్నది ఒకటే దారి, హెచ్చరికతో వదిలేయమనే విన్నపం. మొదటి మెన్షన్‌లో వాయిదా అడిగాను. బెయిలిచ్చారు, ఒక షరతుతో. ప్రాసిక్యూషన్ సాక్షుల్ని మురళి నేరుగా గానీ, వేరేవాళ్ల ద్వారా గానీ కలవకూడదు, మాట్లాడకూడదు. సాక్షి అంటే లిమ్ అంకుల్. ఆయన ఉండేది వీళ్ల పక్క బ్లాకు.

వాళ్లింటికెళ్లి ముగ్గురినీ కూర్చోబెట్టి తెలుగులో చెప్పాను. క్షమాపణ చెప్పాలంటే నేను రాసిస్తాను, అది ప్రాసిక్యూషన్ ద్వారా వెళ్తుంది. మీరెవరూ ఆ బ్లాకు వైపు చూడొద్దు.

రత్నమ్మ గారు కళ్లజోడు సర్దుకున్నారు. "తప్పు చేశాం. ఆ మనిషి పక్కనే ఉన్నాడు. వెళ్లి తప్పయిందని చెప్పకూడదా? ఇదేం కోర్టమ్మా?"

"భయపెట్టేవాళ్లు కూడా నవ్వుతూనే వెళ్తారు ఆంటీ. అందుకని ఎవర్నీ వెళ్లనివ్వరు."

"నేను భయపెడతానా?"

స్వాతి నోటి దాకా వచ్చిన మాట మింగేసింది.

"చిన్న విషయం, మేడమ్"

కొత్త లాయర్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. క్లయింటు కంగారుగా ఫోన్ చేస్తే విషయం చిన్నది. "చిన్న విషయం, మేడమ్" అని మొదలుపెడితే కుర్చీ చూసుకుని కూర్చోండి.

విన్నపం పంపి, జవాబు కోసం చూస్తున్న రోజుల్లో మురళి ఫోన్ చేశాడు.

"చిన్న విషయం, మేడమ్. అత్తయ్యగారు లిమ్ గారింటికి వెళ్లొచ్చారు."

కూర్చున్నాను.

"మీరు పంపారా?"

"లేదు మేడమ్! మేం ఆఫీసు పనిలో ఉన్నాం. మాకు తెలీదు." మళ్లీ తనే, "మినప్పప్పు మాత్రం నేనే తెచ్చాను" అన్నాడు.

"మినప్పప్పెందుకు?"

"సున్నుండలకి. మా కోసమే అనుకున్నా."

సాయంత్రం రత్నమ్మ గారిని ఆఫీసుకి తీసుకొచ్చారు. ఆవిడ ముఖంలో పశ్చాత్తాపం లేదు, పని పూర్తిచేసిన తృప్తి ఉంది. పొద్దున నడకలో లిమ్ అంకుల్ వరండాలో మొక్కలకి నీళ్లు పోయడం రోజూ చూస్తున్నారట. ఇల్లు అలా తెలిసింది. స్టీలు పళ్లెంలో సున్నుండలు, అరటిపళ్లు సర్దుకుని ఒక్కరే వెళ్లారు. తలుపు తీయగానే దణ్ణం పెట్టారు. చొక్కా వైపు చూపించి, చెంపలేసుకున్నారు. లిమ్ గారి భార్యకి బొట్టు పెట్టారు.

"భాష ఎలా ఆంటీ?" అన్నాను.

"చేతులున్నాయి కదమ్మా."

"వాళ్లేమన్నారు?"

"ఆయన ముందు ఏదో అమ్ముకోవడానికి వచ్చాననుకున్నాడు, వద్దు వద్దన్నాడు. ఆవిడ గుర్తుపట్టింది. ఒకటి తినేసింది కూడా. ఆయన వాసన చూసి పక్కన పెట్టాడు. పెద్దాయన కదా, షుగరేమో."

"పళ్లెం?"

"అక్కడే ఉంది. ఖాళీ చేసి ఇస్తారు కదా. ఏం పోదులే, పేరు కొట్టించిందే."

పళ్లెం అంచు మీద ఇంటిపేరుతో సహా వాళ్లాయన పేరు చెక్కి ఉందట. బెయిలు షరతు మీరిన సాక్ష్యం మీద ఇంత శ్రద్ధగా పేరు చెక్కించుకున్న కుటుంబాన్ని నేను అంతకుముందు గానీ, తర్వాత గానీ చూడలేదు.

నవ్వొచ్చినా నవ్వే పరిస్థితి కాదు. మురళే అత్తగారిని పంపాడని ఎవరైనా అనుకుంటే బెయిలు పోతుంది. సాక్షిని తమవైపు తిప్పుకునే ప్రయత్నమంటే అది అల్లరి కేసు కన్నా చాలా పెద్ద నేరం. ఆపైన హెచ్చరికతో వదిలేయమనే విన్నపం మొహం ఎవరూ చూడరు. ఉద్యోగం సంగతి మురళి అడగలేదు. ముఖం అడుగుతూనే ఉంది.

నా మనసు మాత్రం ఊరుకోమంది. లిమ్ అంకుల్‌కి కోపం ఉన్నట్టు లేదు, ఆయనేమీ చెప్పకపోవచ్చు. సెల్వం గారి గదిలోకెళ్లి ఇదంతా చెప్పాను. ఆయన టోస్టు తింటూ విన్నాడు.

"ఆంటీకి ఇంగ్లీష్ రాదు, అంకుల్‌కి తెలుగు రాదు. మరి ఏం మాట్లాడారని పోలీసులకి చెబుతారు?"

"అదే కదా సార్, ఏమీ మాట్లాడలేదు."

"అంతా చేసేశారు, ఏమీ మాట్లాడలేదు." టోస్టు పొడి దులుపుకున్నాడు. "చూడు సుధా, ఇవాళ నువ్వే చెబితే అది మిఠాయి. రేపు వాళ్లే కనుక్కుంటే లంచం. అదే ఉండ. రోజే తేడా, లా."

చెప్పాలంటే క్లయింటు ఒప్పుకోవాలి. అతని రహస్యం నాది కాదు. మళ్లీ బయటికొచ్చి మురళికి చెప్పాను.

"చెబితే బెయిలు పోతుందా?"

"పోవచ్చు."

"చెప్పకపోతే?"

"తర్వాత బయటపడితే ఇంకా ఘోరంగా పోవచ్చు."

అతను స్వాతి వైపు చూశాడు. స్వాతి వాళ్లమ్మ వైపు చూసింది. రత్నమ్మ గారికి అప్పుడు మొదటిసారి విషయం పూర్తిగా ఎక్కింది. చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. "వెళ్లింది నేను. నేనే చెబుతా, రాసుకోమనండి," అన్నారు. "అల్లుడు కాదని దేవుడి పటం మీద ప్రమాణం చేయమన్నా చేస్తా."

"పటం అక్కర్లేదు ఆంటీ, సంతకం చాలు."

మురళి అప్పుడు "చెప్పేయండి మేడమ్" అన్నాడు. ఆ హాకర్ సెంటర్‌లో అరిచిన గొంతేనా అనిపించింది, అంత చిన్నగా.

ప్రాసిక్యూటర్‌కి ఫోన్ చేశాను. నాకన్నా చిన్నమ్మాయి, రోజంతా ఫైళ్లతో అలసిన గొంతు. మొత్తం విని ముందు ఇది అడిగింది.

"సున్నుండ అంటే ఏంటి?"

"మినప్పిండి, బెల్లం, నెయ్యి."

"బెదిరింపు లాంటిదేమైనా ఉందా?"

షుగరుంటే తప్ప లేదు అనబోయి, సెల్వం గారి పిప్పరమెంటు తలుచుకున్నాను. "లేదు" అన్నాను.

"సరే. ఆఫీసర్ వెళ్లి ఆయన స్టేట్‌మెంటు తీసుకుంటారు," అని పెట్టేసింది.

పళ్లెం ఎక్కడ

ఆ ఎదురుచూపు గురించి పెద్దగా రాయను. ఎదురుచూపులో ఏమీ జరగదు, అదే దాని సొగసు. మురళి రెండు రోజులకోసారి ఫోన్ చేసి "ఏమైనా తెలిసిందా మేడమ్" అనేవాడు. వెనకాల నుంచి రత్నమ్మ గారి గొంతు, "పళ్లెం సంగతి అడుగు."

పళ్లెం సంగతి ఆఫీసర్ చెప్పాడట ప్రాసిక్యూటర్‌కి, ఆవిడ చెప్పింది నాకు. లిమ్ అంకుల్ దాన్ని ఆరోజే తిరిగిచ్చేద్దామనుకున్నాడు. ఆఫీసర్ వద్దన్నాడు, కేసు నడుస్తుండగా మీరు వాళ్లింటికెళ్తే అదో గొడవ అని. దాంతో ఆ పళ్లెం లిమ్ గారి భోజనం బల్ల మీదే ఉండిపోయింది, ఎటూ వెళ్లడానికి వీల్లేని మనిషిలా.

ఆఫీసర్ ఎదురుగా ఆయన చెప్పింది ఇది. ఎవరూ నన్ను బెదిరించలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. ఆరోజు వేలు చూపించి అరిచింది నేను కూడా, ఆంటీకి తెలీకపోతే నెమ్మదిగా చెప్పాల్సింది. ఆ అబ్బాయి ఒక గిన్నె సూపు కోసం ఉద్యోగం పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

తర్వాతి మెన్షన్ రోజు పొద్దున, హాలు బయట ప్రాసిక్యూటర్ నాకు చెప్పింది. హెచ్చరిక ఇచ్చి ఆరోపణ ఉపసంహరించుకుంటున్నారు. "మీ క్లయింటు కుటుంబానికి బెయిలు షరతులంటే ఏంటో ఇంకోసారి చెప్పండి. వాళ్ల భాషలో," అంది. చెప్పానని చెప్పలేదు.

లోపల పేరు పిలిచారు. ప్రాసిక్యూటర్ ఒక వాక్యం చదివింది. జడ్జి గారు నిర్దోషిగా విడుదలైనట్టేనని ఒక వాక్యం చదివారు, అంతకుముందు వాయిదాలు చదివిన గొంతుతోనే. అయిపోయింది. మురళి కదల్లేదు. ఇంకా ఏదో ఉంటుందని నిలబడే ఉన్నాడు. నేను మోచేత్తో పొడిచాను.

"ఇంతేనా?" అన్నాడు బయటికొచ్చాక.

"ఇంతే."

"మరి ఆ సుత్తి కొట్టడం..."

"ఇక్కడ కొట్టరు."

అతను మెట్ల దగ్గరున్న బెంచీ మీద, రత్నమ్మ గారి పక్కన కూర్చున్నాడు. టై వదులు చేసుకున్నాడు. స్వాతి బ్యాంకుకి మెసేజ్ టైపు చేస్తోంది, తప్పులొచ్చి మళ్లీ టైపు చేస్తోంది. నా సంగతి చెప్పాలంటే, ఆ పొద్దున మొదటిసారి ఆకలేసింది.

ఒక్క హెచ్చరిక నేనూ ఇస్తాను. ఇదంతా చదివి సున్నుండలు పనిచేస్తాయని నేర్చుకోకండి. అవి దాదాపు మురళిని ముంచాయి. పనిచేసింది ముందే వెళ్లి చెప్పడం, ఎదుటాయన మంచివాడు కావడం. మొదటిది మీ చేతుల్లో ఉంది. రెండోదాని కోసం ఏ లాయరైనా హామీ ఇస్తే ఆ లాయర్ని మార్చేయండి. కోర్టులో తెలిసినవాళ్లున్నారనే అంకుల్ దొరికితే, ఇల్లు మార్చేయండి.

ఇక పళ్లెం. మేం మెట్లు దిగబోతుంటే ఎదురుగా లిమ్ అంకుల్ వస్తున్నాడు, చేతిలో సూపర్ మార్కెట్ సంచీ. కేసు ఇవాళ అయిపోతుందని ఆఫీసర్ చెప్పాడట. మురళి అలవాటుగా స్తంభం వెనక్కి వెళ్లబోయాడు. నేను చొక్కా పట్టుకుని ఆపాను. "ఇప్పుడు కలవొచ్చు."

మురళి వెళ్లి నిలబడ్డాడు. "సారీ, అంకుల్," అన్నాడు. నేను చెవులు రిక్కించుకుని ఉన్నాను. "కానీ" రాలేదు.

"ఓకే లా, ఫినిష్ ఆల్రెడీ," అన్నాడు లిమ్ అంకుల్. ఆయన చూపంతా రత్నమ్మ గారి మీదే ఉంది. సంచీలోంచి స్టీలు పళ్లెం తీశాడు. దాంట్లో టిష్యూ ప్యాకెట్లు, సున్నుండలు పేర్చినట్టే గుండ్రంగా పేర్చి ఉన్నాయి.

"ఖాళీగా ఇవ్వకూడదు," అని నాతో అన్నాడు, ఆవిడకి చెప్పమన్నట్టు. "నా భార్య ఒప్పుకోదు."

చెప్పాను. రత్నమ్మ గారు పళ్లెం అందుకుని, ముందు అంచు తిప్పి పేరు చూసుకున్నారు. తర్వాత ఒక ప్యాకెట్టు తీసి, విప్పకుండా పైకెత్తి, కనుబొమలతో లిమ్ అంకుల్‌ని అడిగారు.

"కెన్, కెన్," అన్నాడాయన నవ్వుతూ, విప్పుకోమన్నట్టు.

అప్పుడు విప్పారు. ముందు కళ్లు తుడుచుకున్నారు. తర్వాత, ఇంకో కాగితం తీసి, ఇందాక మురళి కూర్చున్న బెంచీ తుడిచి లిమ్ అంకుల్‌ని కూర్చోమన్నారు.